ఇంప్లాంట్ మీద వెండి పూత ఎన్నాళ్లు పనిచేస్తుంది?

నాన్నగారికి ఎముక కణితి తీసి వెండి పూత ఉన్న ఇంప్లాంట్ (ఎముక బదులు లోపల అమర్చే లోహపు భాగం) వేశారు, అది జీవితాంతం సూక్ష్మజీవుల్ని చంపుతుందా అని అమలాపురం నుంచి అడిగారు. చంపదండీ. అసలు పని చేసేది తడి తగిలి వెండి నుంచి కొద్దికొద్దిగా విడుదలయ్యే అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువులు. ఇవి మొదట్లో ఎక్కువగా వస్తాయి, ఇన్‌ఫెక్షన్ టెన్షన్ కూడా అప్పుడే కాబట్టి అది మంచిదే. తర్వాత తగ్గుతాయి, ఎందుకంటే ఒంట్లోని ప్రోటీన్లు పూత మీద పొరలా పేరుకుంటాయి, క్లోరైడ్, గంధకం వెండితో కలిసి సరిగా కరగని పదార్థాలవుతాయి. మన కోనసీమ ఉక్కలో పిల్లల కాళ్ల పట్టీలు నల్లబడతాయి చూడండి, ఆ నలుపు చాలావరకు సిల్వర్ సల్ఫైడే. పట్టీలైతే కుంకుడురసంతో తోముకుంటాం, లోపలున్నదాన్ని తోమలేం కదా! ఎన్నాళ్లన్నది పూత మందాన్ని, తయారీని బట్టి ఉంటుంది. ఏళ్ల తర్వాతైనా అక్కడ వాపు, చీము, జ్వరం వస్తే వెండి ఉందిలే అని ఊరుకోకుండా సర్జన్‌కి చూపించండి.