పదిహేను వేలతో షాపుకి యాడ్: మా కర్రీ పాయింట్ అనుభవం

విజయవాడలో కొత్తగా బ్లౌజులు, మగ్గం వర్కు షాపు పెట్టాను, యాడ్స్‌కి పదిహేను వేలు తీసి పక్కన పెట్టాను, ఏదైనా కొత్తరకం ఐడియా చెప్పండి అని అడిగారు కదా. ముందు ఒక్క మాట: ఫ్లెక్సీలు మాత్రం కట్టించకండి. ఎందుకంటున్నానో చెప్తాను, కాస్త పొడుగు కథే.

మాది గుంటూరు. బ్రాడీపేటలో మా పిన్నీ బాబాయీ కర్రీ పాయింట్ నడుపుతారు. నేను ఎంబీఏ అయిపోయి, ఉద్యోగం లేక ఖాళీగా ఉండి, వాళ్ల వ్యాపారాన్ని ఉద్ధరిద్దామని బయల్దేరాను. పేరు చెప్పకుండా జనాన్ని ఊరించి, తర్వాత అసలు సంగతి బయటపెట్టే టీజర్ యాడ్ గురించి క్లాసులో విన్నప్పటి నుంచీ ఒక్కసారైనా చేసి చూడాలని ఉండేది. నాలుగు ఫ్లెక్సీలు కొట్టించాను. నల్లటి బ్యాక్‌గ్రౌండ్, మధ్యలో పసుపు అక్షరాలతో "వంకాయ వస్తోంది". అంతే. షాపు పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. వారం తర్వాత రెండో విడత కట్టి గుత్తి వంకాయ కూర సంగతి చెప్పాలని ప్లాను. ఈలోపు కొందరు సినిమా అనుకున్నారు, టీ కొట్టు దగ్గర ఇద్దరైతే ఎవరో కొత్త పార్టీకి వచ్చిన గుర్తని వాదించుకోవడం నా చెవులతో విన్నాను. రెండో విడత కట్టేలోపే వానలు మొదలయ్యాయి, రెండు ఫ్లెక్సీలు మాయమయ్యాయి. వాటిలో ఒకటి పక్క సందులో ఇస్త్రీ బండికి పైకప్పుగా తేలింది, "వంకా" వరకు కనపడుతూ. గల్లాపెట్టెలో పైసా తేడా లేదు. బాబాయి ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇంకా ఇబ్బందిగా ఉండింది.

పనిచేసిన ఐడియా మా పిన్నిది, అదీ విసుగులో పుట్టింది. సాయంత్రం కూరలు కట్టించుకునే వాళ్లలో సగం మంది డబ్బులిస్తూ "రేపేం చేస్తున్నారండీ?" అని అడుగుతారు. రేపు కూరగాయలు కొనాలా, అన్నం ఒక్కటీ వండుకుంటే సరిపోతుందా అన్న లెక్క ఏ ఇంట్లోనైనా ముందు రోజు రాత్రే తేలిపోతుంది. ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ పిన్నికి ఓపిక పోయి, "నా నోరు పడిపోతోందిరా, ఏదైనా కాగితం మీద రాసి వాళ్ల మొహాన కొట్టు" అంది.

సరేనని ఒక ఏ4 కాగితాన్ని పదహారు గడులు చేసి, ప్రతి గడిలోనూ చేత్తో రాశాను. "రేపు: గుత్తి వంకాయ, దోసకాయ పప్పు, చామదుంపల పులుసు, కంది పచ్చడి." కింద మా నంబరు. ఏడు జిరాక్సులు తీయిస్తే నూటపన్నెండు చీటీలు. కత్తెరతో కోసి, క్యారీ బ్యాగు పట్టుకునే చోట స్టేప్లర్‌తో ఒక పిన్ను కొట్టేవాణ్ణి. చేతిరాత కాబట్టి జనం చదివారని నా నమ్మకం, ప్రింటు చేసి ఉంటే చదవకుండానే చెత్తబుట్టలో పడేసేవారు. రెండు వారాలు తిరక్కుండా పొద్దున్న పదకొండింటికల్లా ఫోన్లు మొదలయ్యాయి, "వంకాయ రెండు పక్కన పెట్టండి" అని.

దెబ్బ కూడా దాంతోనే తగిలింది. ఒకరోజు పనసపొట్టు కూర అని రాశాను, తెల్లారి మార్కెట్‌కి పోతే పొట్టు లేదు. సాయంత్రం రిటైరైన మాస్టారు ఒకాయన వచ్చి, చొక్కా జేబులోంచి మడతపెట్టిన చీటీ తీసి కౌంటర్ మీద పరిచి, "రాసిచ్చావు కదయ్యా" అన్నారు. అరవలేదు, తిట్టలేదు. పిన్ని ఆయనకి పప్పు ఊరికే ఇచ్చి పంపింది. మర్నాటి నుంచి అనుమానం ఉన్న కూర పక్కన "దొరికితే" అని రాయడం మొదలుపెట్టాం. తమాషా ఏంటంటే, దొరికిందో లేదో కనుక్కోవడానికి ఫోను చేసేవాళ్లే ఎక్కువయ్యారు.

పెద్ద కంపెనీల తెలివి కూడా చాలాసార్లు ఇలాంటిదే. 2013 కుంభమేళాలో లైఫ్‌బాయ్ వాళ్లు రొట్టెల మీద వేడి ముద్రతో "లైఫ్‌బాయ్‌తో చేతులు కడుక్కున్నారా?" అని హిందీలో అచ్చు వేయించారు, దాదాపు పాతిక లక్షల రొట్టెలు. రొట్టె తుంచబోయే చేతికి సబ్బు గుర్తు చేయడానికి అంతకన్నా మంచి చోటు ఇంకేముంటుంది? మన కృష్ణా జిల్లా మనిషి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత కచేరీలలో ఊరికే పంచిపెట్టేవారట. గంటల తరబడి కచేరీలో కూర్చునే జనానికి తలనొప్పి మందు పంచడంలో కొంచెం కొంటెతనం కూడా ఉందని నాకు అనిపిస్తుంది. దీనికి వ్యతిరేకం 2010లో ఫోక్స్‌వాగన్ చేసింది, పేపరు తెరిస్తే మాట్లాడేలా లోపల చిప్పు అతికించారు. అద్భుతమే, కానీ ఇప్పటికీ నా ఫ్రెండ్స్‌కి మాట్లాడిన పేపరు గుర్తుంది, కారు పేరు అడిగితే బుర్ర గోక్కుంటారు. (వెంటో.)

ఇక మీ షాపు సంగతి. చీర కొన్న ఆడవాళ్లకి బిల్లు కట్టేలోపే పట్టుకునే టెన్షన్ జాకెట్టు ఎవరు కుడతారు, పెళ్లి లోపు ఇస్తారా అని. కాబట్టి బీసెంట్ రోడ్డు వైపో, మీ పేటలోనో ఒక చిన్న చీరల షాపు వాళ్లతో మాట్లాడుకుని, చీర కవర్లో మీ చీటీ పడేలా చూసుకోండి. దాని మీద మగ్గం వర్కుకి ఎన్ని రోజులు పడుతుందో నిజాయితీగా రాయండి. ఐదు రోజులని రాసి పదిహేను రోజులు తిప్పితే మా మాస్టారు లాంటి వాళ్లు చీటీ పట్టుకుని మీ దగ్గరికీ వస్తారు.

ఇంకోటి, మా అక్కని చూసి చెప్తున్నాను. జాకెట్టు కుట్టాక మిగిలిన గుడ్డ ముక్కని టైలరు ఇవ్వడని ఆడవాళ్లందరికీ ఒక కోపం. మీరు ఇచ్చేయండి, ఒక మూల మీ షాపు పేరూ నంబరూ ఉన్న చిన్న లేబుల్ కుట్టి మరీ. మ్యాచింగ్ గాజులకి వెళ్లేటప్పుడు వాళ్లు ఆ ముక్కనే పర్సులో పెట్టుకుని వెళ్తారు, గాజుల కొట్లో కౌంటర్ మీద పెడతారు, పక్కన నిలబడ్డ ఇంకో ఇద్దరు చూస్తారు. లేబుళ్లకి మీ పదిహేను వేలల్లో ఎంతో అవ్వదు, మిగిలింది మంచి హుక్కుల మీద పెట్టండి, మా అక్క టైలర్లని మార్చేది ఎక్కువగా వాటి గొడవతోనే.