ఇంజినీర్డ్ వుడ్ బీరువా కొనొచ్చా?

ప్రశ్న: ఒంగోలు నుంచి వచ్చి చెన్నై వేళచ్చేరిలో అద్దెకు దిగాం. దుకాణంలో బట్టల బీరువా చూపించి ‘ఇంజినీర్డ్ వుడ్ సార్, గట్టిది’ అన్నారు. కొనొచ్చా అన్నా?

జవాబు: తమ్ముడూ, ఇంజినీర్డ్ వుడ్ అన్నాడంటే ఏ చెక్కో చెప్పనట్టే. ప్లైవుడ్డూ అదే, పార్టికల్ బోర్డూ అదే, ఎండీఎఫ్ కూడా అదే. తలుపు తీసి, పైపూత అంటని చోటు ఎక్కడైనా చూడు, స్క్రూ కోసం తొలిచిన బెజ్జమైనా సరే. రవ్వలు రవ్వలుగా ఉంటే పార్టికల్ బోర్డు, పొరలుంటే ప్లైవుడ్, దళసరి అట్టలా నున్నగా ఉంటే ఎండీఎఫ్.

ఎండీఎఫ్‌ను తీసిపారెయ్యకు. కర్రను ఆవిరిలో మెత్తబరిచి, పీచుగా విడదీసి, జిగురూ మైనమూ కలిపి వేడి మీద అదిమిన పలక అది. మన చేలల్లో పెంచే జామాయిల్, సరుగుడు దీనికి పనికొస్తాయి. శ్రీకాళహస్తి దగ్గర ఫ్యాక్టరీయే ఉంది. కణుపులుండవు, ఎటు కోసినా అంచు ఒకేలా వస్తుంది. పెయింట్ వేసే తలుపులకీ, జాలీ పనికీ నేనైతే అదే వాడతాను.

దానికి గిట్టనివి నీళ్లు. 2015 డిసెంబరు వానలకు మా ఇంట్లో జానెడు నీళ్లు ఒక్క రాత్రి నిలిచాయి. టేకు మంచం తుడిస్తే సరిపోయింది. ఎండీఎఫ్ బీరువా అడుగు మాత్రం నానిన అట్టలా ఉబ్బింది, ఆరాక కూడా దిగలేదు, తలుపులు పడలేదు. అమ్మినాయన ‘వాటర్‌ప్రూఫ్ అని చెప్పలేదు కదా సార్’ అన్నాడు. నిజమే, చెప్పలేదు. నేనూ అడగలేదు.

అందుకని నాలుగంగుళాల కాళ్లున్నది చూడు. కోసిన ప్రతి అంచుకూ, కింది వైపు కూడా, బ్యాండింగ్, అంటే అంచు మీద అంటించే పట్టీ, ఉండాలి. తేమ లోపలికి పోయేది అక్కడినుంచే. హెచ్‌డీహెచ్ఎంఆర్ అంటే ఇలాంటి పలకల్లోనే తేమకు ఓర్చుకునే రకం, అంతమాత్రాన తొట్టిలో వేసి ఉంచేది కాదు. వంటింటి సింకు కింద మాత్రం ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్డే, అంటే నీటికి తట్టుకునే మెరైన్ రకమే, వేయించు.

అద్దె ఇల్లన్నావు కాబట్టి ఇంకో మాట. ఈ పలకల్లో, ముఖ్యంగా అంచుల్లో, స్క్రూ ఒకసారి పట్టినంత గట్టిగా రెండోసారి పట్టదు. రెండిళ్లు మారేసరికి బీరువా ఊగుతుంది. ఏడాదికో ఇల్లు మారేవాళ్లయితే ఇనప బీరువా కొనుక్కోండి, మీ ఆవిడ ఒప్పుకుంటే.

కొత్తలో కళ్లు మండించే వాసన జిగురులోని ఫార్మాల్డిహైడ్‌ది. వేడికీ ఉక్కకూ ఎక్కువవుతుంది, చెన్నైలో ఆ రెంటికీ లోటు లేదు. ఆ వాయువు తక్కువ వదిలే ఈ1 రకమేనా అని అడుగు. తెచ్చాక కొన్నాళ్లు తలుపులూ కిటికీలూ తీసి ఉంచి, ఆ తర్వాతే పిల్లల బట్టలు సర్దండి. చెదకు మందు కొట్టించాలంటే ఇక్కడివాళ్లతో ‘కరయాన్’ అనాలి, ‘చెద’ అంటే తెల్లమొహం వేస్తారు.

లిఫ్టు లేని ఇల్లయితే మోతకూలి ముందే మాట్లాడుకో. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ ఎనిమిదడుగుల బై నాలుగడుగుల షీటు ఒక్కటే 40 కిలోల దాకా తూగుతుంది.