సౌండ్ ఇంజినీరింగ్ ఫీజు కట్టే ముందు ఆరు నెలలు ఇంట్లోనే

ప్రశ్న: మాది దేవరకొండ. ఆర్టీసీలో కండక్టర్‌ని. మా అబ్బాయి ఇంటర్‌లో ఎంపీసీ చేసి, ఇప్పుడు నల్లగొండలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. నిరుడు బతుకమ్మ పండుగకు మా అమ్మ పాడిన పాటలు ఫోన్‌లో రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాడు. తెలిసినవాళ్లంతా మెచ్చుకున్నారు. అప్పటినుంచి డిగ్రీ మానేసి హైదరాబాద్‌లో సౌండ్ ఇంజినీరింగ్ కోర్సు చేస్తానని పట్టుబట్టాడు. ఏడాది కోర్సుకు ఫీజు రెండున్నర లక్షలు, మైకూ కొత్త ల్యాప్‌టాపూ వేరే. లోన్ పెట్టి చేర్పించమంటారా? రాత్రి ఒంటిగంట దాకా హెడ్‌ఫోన్స్ తీయడు, చెవులు పోతాయేమోనని వాళ్లమ్మకు టెన్షన్.

జవాబు: లోన్ ఇప్పుడే వద్దు సార్. డిగ్రీ అసలే మాన్పించొద్దు. అలాగని అబ్బాయిని ఆపనూ వద్దు.

ముందు డిగ్రీ సంగతి. ఈ రంగంలో మన దేశంలో పేరున్న ప్రభుత్వ సంస్థలు రెండు. ఒకటి 1960లో పుణెలో మొదలైన ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్, రెండోది 1995లో కోల్‌కతాలో పెట్టిన సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్. రెండింటిలోనూ సౌండ్ కోర్సు మూడేళ్లు. డిగ్రీ పాసైతేనే సీటు. ఇంటర్‌లో ఫిజిక్స్ ఉండాలని కూడా అడుగుతారు. మీవాడిది ఎంపీసీ కాబట్టి ఆ ఇబ్బంది లేదు. 2009లో సౌండ్ మిక్సింగ్‌కు ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి చదివింది ఆ పుణె సంస్థలోనే. ఇంకో ఏడాదిన్నరలో చేతికొచ్చే డిగ్రీని వదిలేస్తే ఆ రెండు తలుపులూ మూసుకుపోతాయి. ఈ మాట మీరు చెబితే వినకపోవచ్చు, ఈ జవాబే చదివించండి.

ఇక అసలు విషయం. ఈ పని మీద ఇష్టం ఉండటం వేరు, పనికి కూర్చోగలగడం వేరు. పది సెకన్ల ముక్కను ముప్పైసార్లు విని, ఏ చోట కోయాలో తేల్చుకునే ఓపిక ఉందా లేదా అన్నది ఏ కోర్సు ఫీజూ చెప్పదు. ఇంట్లో ఆరు నెలల్లో తేలిపోతుంది. దానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

ఇప్పుడున్న ల్యాప్‌టాప్ 8 జీబీ ర్యామ్‌ది అయితే చాలు. అందులో ఆడాసిటీ వేసుకోమనండి. 2000లో బయటికొచ్చిన సాఫ్ట్‌వేర్, పూర్తిగా ఉచితం. దాని అసలు వెబ్‌సైట్ నుంచే దించుకోవాలి. రికార్డు చేయడం, కోయడం, అతికించడం, శబ్దం శుభ్రం చేయడం అన్నీ అందులో నేర్చుకోవచ్చు. చేయి తిరిగాక రీపర్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు మారొచ్చు. అది 60 రోజులు ఊరికే వాడి చూడనిస్తుంది, తర్వాత వ్యక్తిగత లైసెన్స్ 60 డాలర్లు. సినిమా స్టూడియోల్లో ప్రో టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ నడుస్తుంది కాబట్టి అదే ముందు నేర్చుకోవాలని పిల్లలు తొందరపడతారు. ఒకదాంట్లో చెవి కుదిరితే రెండోది కొన్ని వారాల పని. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరిచ్చినా వద్దు. వైరస్‌తో పాటు చేసిన పనీ పోతుంది.

మొదటి పని మీ అమ్మగారి పాటే. అదే పాటను మళ్లీ రికార్డు చేయమనండి, ఈసారి పద్ధతిగా. ఖాళీ హాల్లో వద్దు, గోడలకు తగిలి గొంతు గంగాళంలో పాడినట్టు వస్తుంది. బట్టల బీరువా, మంచం, పరుపు ఉన్న గది మేలు. గోడకు రెండు బొంతలు వేలాడదీస్తే ఇంకా మంచిది. ఫ్యాన్ ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి, పక్కింటి బోరు మోటారు నడవని వేళ చూసుకోవాలి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి నానమ్మ నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉంచాలి. ఎదురుగా పెడితే ప, ఫ, భ పలికినప్పుడల్లా గాలి మైకుకు కొట్టి ‘బుప్’మంటుంది. పాట మొదలుకాక ముందు పది సెకన్లు అందరూ నోరు మూసుకుని ఉండాలి. అది వృథా కాదు. ఆడాసిటీలో రొద తగ్గించే నాయిస్ రిడక్షన్‌కు ఆ ఖాళీ ముక్కనే నమూనాగా చూపించాలి. ఆ సాధనాన్ని అతిగా వాడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది. కాస్త రొద మిగిలినా పరవాలేదు, గొంతు చెడకూడదు.

లెవెల్, అంటే శబ్దం ఎంత గట్టిగా రికార్డవుతోందన్న దాని గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ నేనే దెబ్బతిన్నాను. కొన్నేళ్ల కింద ఇంటర్ పిల్లల కోసం గంటన్నర మాట్లాడి రికార్డు చేశాను. మీటర్ ఎర్రగీతను తాకుతుంటే గొంతు గట్టిగా వినిపిస్తుందిలే అనుకున్నాను. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో చూస్తే వేవ్‌ఫామ్, అంటే శబ్దాన్ని గీతగా చూపించే బొమ్మ, కంకులు కోసేసిన జొన్న చేనులా పైన చదునుగా ఉంది. డిజిటల్ మీటర్‌లో సున్నా డెసిబెల్స్ అంటే పైకప్పు, లెక్క అక్కడినుంచి కిందికి మైనస్‌లో ఉంటుంది. దాన్ని దాటిన శబ్దం తెగిపోతుంది, తెగింది తిరిగి అతకదు. మళ్లీ గంటన్నర మాట్లాడాల్సి వచ్చింది. అందుకే గొంతు ఎంత పైకి లేచినా మీటర్ మైనస్ 12కూ మైనస్ 6కూ మధ్యనే ఆగేలా చూసుకోమనండి. తక్కువగా వస్తే తర్వాత పెంచుకోవచ్చు.

రికార్డింగ్ సెట్టింగులు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, ఫైలు వేవ్ (శబ్దంలో ఏమీ పారేయని రకం). ఫోన్‌లో కుదరకపోతే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ అయినా సరే, సీడీలన్నీ దాంట్లోనే వచ్చాయి. మొదటి లెక్కన మోనోలో, అంటే ఒకే చానెల్‌లో, నిమిషానికి తొమ్మిది ఎంబీ లోపు, గంటకు అర జీబీ చిల్లర. ఎంపీ3 అంటే సైజు తగ్గించడానికి శబ్దంలో కొంత పారేసిన ఫైలు. వాట్సాప్‌లో పంపడానికి పనికొస్తుంది, ఎడిటింగ్‌కు కాదు. అసలు ఫైలును ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ల్యాప్‌టాప్‌లో ఒకటి దాచి, కాపీ మీదనే కత్తెర పెట్టాలి.

రెండో పని ఎడిటింగ్. మీరు కండక్టర్‌గా బస్సెక్కిన పాతరోజుల సంగతులు ఒక అరగంట చెప్పండి, వాడు దాన్ని ఆరు నిమిషాలకు తేవాలి. విన్నవాళ్లకు ఎక్కడ కోశాడో తెలియకూడదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఊపిరి శబ్దాలన్నీ ఏరి పారేస్తారు, మాట్లాడేది మనిషా బొమ్మా అన్నట్టు తయారవుతుంది. మాటకు ముందు చిన్న ఊపిరి ఉండాలి. వేవ్‌ఫామ్‌ను పెద్దది చేసి, గీత నూలుపోగులా పలచబడ్డ చోట కోయాలి. పుట్టపాకలో ఇక్కత్ చీరల నూలుకు చిటికి (రంగు అంటకుండా వేసే ముడి) కట్టేవాళ్లను చూసినవాళ్లకు ఆ ఓపిక ఎలాంటిదో చెప్పక్కర్లేదు.

మూడోది ఏదైనా వాద్యం. డప్పు కావొచ్చు, హార్మోనియం కావొచ్చు. మన వైపు పన్నెండు మెట్ల కిన్నెర ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఆ వాద్యం మీదనే. అలాంటిదాన్ని రికార్డు చేసేటప్పుడు మైకు మెట్ల దగ్గర పెట్టాలా, సొరబుర్రల దగ్గర పెట్టాలా? రెండు చోట్లా పెట్టి విని తేల్చుకోవాల్సిందే. మన పల్లెల్లో దొరికే ఈ పని హైదరాబాద్ క్లాస్‌రూమ్‌లో దొరకదు.

చదువు, ఫీజు లేనిదే ఈ విద్య రాదనుకోకండి. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 అక్టోబర్ 15న మొదలైన సంఘం రేడియోను నడిపింది పల్లె మహిళలే. రికార్డింగ్, ఎడిటింగ్ వాళ్లే నేర్చుకుని చేశారు.

ఈ మూడు పనులూ అయ్యాకే మైకు కొనివ్వండి. ల్యాప్‌టాప్‌కు నేరుగా తగిలించే యూఎస్‌బీ మైకు ఒకటి, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ ఒకటి. కోఠి గుజరాతీ గల్లీలో చూసి కొనొచ్చు. ఖరీదైన కండెన్సర్ మైకు కావాలంటాడు. దానికి 48 వోల్టుల కరెంటు ఇచ్చే ఇంటర్‌ఫేస్, అంటే మైకుకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య పెట్టే పెట్టె కూడా కావాలి. పైగా బొంతలు కట్టని గదిలో అది మీ గొంతు కంటే ముందు వీధిలో కోడిని పట్టుకుంటుంది.

ఉద్యోగాల విషయంలో ఉన్నమాట చెబుతాను. జానపద పాటల స్టూడియోలు, డబ్బింగ్, న్యూస్ చానెళ్లు, ఆడియో పుస్తకాలు, ఫంక్షన్లలో లైవ్ సౌండ్, పని చాలా రకాలుగా ఉంది. కానీ మొదటి రెండు మూడేళ్లు అసిస్టెంట్‌గా వైర్లు చుట్టడం, రాత్రిళ్లు మేల్కోవడం, ఆలస్యంగా వచ్చే చిన్న జీతం. నెలనెలా జీతం చూసిన ఇంట్లో ఇది కష్టంగానే ఉంటుంది. అందుకే డిగ్రీ చేతిలో ఉండాలంటున్నాను. ఆ తర్వాత ప్రైవేట్ కోర్సులోనే చేరతానంటే, ఫీజు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఒక్కో విద్యార్థి స్టూడియో మిక్సర్ ముందు వారానికి ఎన్ని గంటలు ఒక్కడే కూర్చుంటాడు? లెక్క చెప్పకుండా ప్లేస్‌మెంట్ల ఫొటోలు చూపిస్తే లేచి వచ్చేయండి.

అబ్బాయి వాళ్లమ్మగారి టెన్షన్ ఊరికే వచ్చింది కాదు. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ శబ్దం (ఇది చెవికి తగిలే శబ్దం కొలత, పైన చెప్పిన మీటర్ లెక్క కాదు) వారానికి 40 గంటలకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా పక్కనున్నవాళ్ల మాట వినిపించేంత సౌండే పెట్టుకోవాలి, గంటకోసారి పది నిమిషాలు తీసేయాలి. ఒంటిగంట దాకా వద్దు, అలసిన చెవికి తప్పు లెవెల్ కూడా బాగానే వినిపిస్తుంది. చెవిలో గుయ్‌మని మోత మొదలైతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి.

ఆరు నెలలయ్యాక అబ్బాయిని తీసుకుని రండి. ఆ మూడు పనులూ పెన్‌డ్రైవ్‌లో వేసుకు రమ్మనండి, కోయక ముందువీ కోసిన తర్వాతవీ. ఎంపీ3లు కాదు, వేవ్ ఫైళ్లే తెమ్మనండి.