గేర్లదా, సీవీటీదా: అల్లునికి ఉత్తరం

అల్లుడా,

ఫోన్ల అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పలేదని అలిగినవట, మీ అమ్మ చెప్పింది. రెండు నిమిషాల్ల తేలే ముచ్చట కాదురా అది. పాత హోండా సిటీ కొంటున్న, బండి జోరుగ ఉండాలె, క్లచ్, గేర్లు మార్చుడు లేని సీవీటీ ఆటోమేటిక్ తీసుకోవాల్నా గేర్లది తీసుకోవాల్నా అని గదా అడిగితివి. బస్సు తోలి రిటైరైనోన్ని, నేను ఎటు మొగ్గుతనో నీకు ఎరుకే. అయినా సీవీటీని ఊకనే తిట్ట.

మీ అమ్మ తోలే స్కూటీ ఉన్నది సూడు, అది సీవీటీనే. రెండు గిరకలు, వాటి మీద ఒక బెల్టు. బాయి గిరక లెక్క ఒక్క ముక్క కాదు, ఒక్కో గిరక రెండు చెక్కలు. చెక్కలు దగ్గరికొస్తే బెల్టు అంచుకెక్కుతది, ఎడమైతే లోపటికి దిగుతది. ఒకదాని మీద ఎక్కుతుంటే రెండోదాని మీద దిగుతది. గేర్లు మెట్లయితే ఇది జారుడుబండ. స్కూటీల రబ్బరు బెల్టు, కారుల ఉక్కుది, గంతే తేడా. కొత్తది గూడ కాదు, 1958లనే డచ్చోళ్ల డాఫ్ కార్లల్ల వచ్చింది.

సీవీటీ అంటే మెల్లగ పోతదని నీ దోస్తులు చెప్పింది నమ్మకు. 1993ల విలియమ్స్ వాళ్లు ఫార్ములా వన్ కారుకే సీవీటీ పెట్టి, డేవిడ్ కూల్తార్డ్ అనే డ్రైవర్‌తోని నడిపిచ్చి సూసిన్రు. ఇంజను ఎప్పుడూ బలమున్న ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) కాడనే ఉంటది, గేరు మార్చుడు లేదు గనుక జోరు తెగదు. రేసుల దిగకముందే 1994 నిబంధనలు దానికి అడ్డుపడ్డయి.

మరి మన రోడ్డు మీద మజా ఎందుకుండదంటే, ఆక్సిలరేటర్ మొత్తం తొక్కితే ఆర్‌పీఎం ముందుగాల పైకి పోయి ఆడనే కూసుంటది, స్పీడు ఎనుకకెల్లి మెల్లగ వస్తది. చెవికి ఒకటి ఇనబడుతది, నడుముకు ఇంకోటి తెలుస్తది. హోండా సిటీల 2020ల వచ్చిన మోడలు సూడు, గేర్లదాంట్ల, సీవీటీల అదే 121 పీఎస్ పవరు, అదే 145 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. అయినా తోలితే రెండు వేరే బండ్లనిపిస్తయి. సీవీటీది స్టీరింగ్ ఎనుక వేళ్లతోని గుంజే పాడిల్స్ ఇచ్చి ఏడు గేర్లున్నట్టు నటిస్తది, నాకైతే ఆ నాటకం నచ్చలే. బెల్టు పట్టు మీద బతికేది గనుక టార్క్ ఎక్కువైతే కష్టం. నిస్సాన్ మాగ్నైట్ టర్బో గేర్లదాంట్ల 160 న్యూటన్ మీటర్లుంటే సీవీటీల 152కు తగ్గిచ్చిన్రు.

గేర్ల మజా ములుగు దాటి తాడ్వాయి అడివి మలుపుల్ల తెలుస్తది. మలుపుకు ముందుగాలనే బ్రేకు కొట్టు, మూడుల నుంచి రెండుకు దించేటప్పుడు ఆక్సిలరేటర్‌ను జర తాకి ఇంజను లేపు, అప్పుడు క్లచ్ ఇడువు. గుంజినట్టు కాకుండ మెత్తగ కలుస్తది. మా పాత బస్సుల్ల డబుల్ క్లచ్ కొట్టకపోతే, అంటే ఒక్క గేరుకు రెండుసార్లు క్లచ్ తొక్కకపోతే, గేరు గర్రుమని ప్యాసింజర్లందరికీ ఇనబడేది, సిగ్గుకన్నా నేర్చుకున్నం.

ఇగ క్లచ్ తొక్కే నీ మోకాలు సంగతి. రోజూ ఉప్పల్ నుంచి గచ్చిబౌలి పోయెటోనివి. మేడారం జాతర జాముల మొదటి గేరుల పాక్కుంట పోయిన నాడు నా ఎడమకాలు రెండు దినాలు వంగలే, నీకది వారానికి అయిదు రోజులు. డీజిల్ పెట్రోల్ లెక్కలు చెప్పే మీ నాయన కోసం ఇది గూడ రాస్తున్న: ఆ 2020 మోడలుకు కంపెనీ చెప్పిన మైలేజీ గేర్లదానికి లీటరుకు 17.8 కిలోమీటర్లు, సీవీటీకి 18.4, అంటే ఖర్చు సాకు చెల్లదు. మీ ఇంట్ల ఇంకో కారు గూడ లేదు. ఇవన్నీ ఎరిగి గూడ జోరే కావాలంటే గేర్లదే కొను. మోకాలే గెలిస్తే సీవీటీ కొని సగం ఆక్సిలరేటర్‌ల తోలు, అప్పుడు అది మస్తు మంచి బండి. ఘాట్ దిగేటప్పుడు మాత్రం బ్రేకు మీదనే ఆనకు, పాడిల్‌తోని కిందికి దించి ఇంజను పట్టు తీసుకో.

పాతది సూసేటప్పుడు, గేర్లదైతే నాలుగో గేరుల మెల్లగ పోతున్నప్పుడు గట్టిగ తొక్కు. ఆర్‌పీఎం లేచి స్పీడు లేవకపోతే క్లచ్ అరిగినట్టే. రెండో గేరు గర్రుమంటే వద్దను. సీవీటీదైతే ఇంజను చల్లగున్నప్పుడే ఒకసారి, ఏడెక్కినంక ఒకసారి తోలు. కదిలేటప్పుడు వణుకు, ఈల లెక్క చప్పుడు ఉంటే డబ్బులు జేబుల్నే పెట్టుకో. దాని ఆయిలు వేరే, ఏదంటే అది పోస్తే బెల్టు గిరకలు పాడైతయి, సర్వీసు కాగితాలల్ల ఆ ఆయిలు ఎన్నడు మార్చిన్రో సూడు. ఎన్నడన్న ఆగిపోతే ముందు చక్రాలు నేల మీద ఉంచి తాడు కట్టి గుంజనియ్యకు.

బ్రోకరు తొందర పెడతడు, పెట్టనియ్. ఆదివారం రెండు బండ్లు ట్రయలుకు దొరికితే హన్మకొండ తీసుకురా. పొద్దుగాల అయిదింటికే బయలెల్లుదం, ములుగు కాడ గట్టమ్మ తల్లికి మొక్కి ముందుకు పోదం. ముందుగాల నేను తోలుత.

మీ మామ