సంక్రాంతికి గుమ్మానికి కట్టే వరి కంకులు ఎవరివి?

పిల్లలకి సంక్రాంతి అంటే సెలవులు, గాలిపటాలే అయిపోయాయి, పంట చేతికొచ్చినందుకు దణ్ణం పెట్టుకునే పండగని ఎలా చెప్పాలి, అసలు ఈ రోజుల్లో అది అంత ముఖ్యమా అని ఒకరు అడిగారు. చాలా ముఖ్యం. కాకపోతే నాకు ఆ సంగతి ముప్పై ఏళ్లు దాటాకే తెలిసింది, అదీ అమ్మ అన్న ఒక్క మాట వల్ల.

మాది కోనసీమ. నాన్నకి వయసు పైబడ్డాక ఉన్న కొద్దిపాటి పొలం కౌలుకిచ్చేశాం. నేను హైదరాబాద్ నుంచి భోగి ముందు రోజు రాత్రి బస్సెక్కడం, మూడు రోజులు తినడం, అరిసెల డబ్బా సర్దుకుని తిరిగిరావడం. పొలం గట్టెక్కి ఎన్నేళ్లయిందో గుర్తు కూడా లేదు.

2018 డిసెంబర్ 17న పెథాయ్ తుఫాను మా వైపే, కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. సార్వా వరి, అంటే వానాకాలం పంట, కోసి పనల మీద (చేలో పరిచిన వరి కట్టల మీద) ఉంది. పనలు నీళ్లలో నానితే గింజ కంకికి ఉండగానే మొలకొస్తుంది, మిగిలింది రంగు మారిపోతుంది, ఆ ధాన్యానికి ఎవరూ సరైన ధర పెట్టరు.

ఆ భోగి నాడు పొద్దున్నే మా కౌలు రైతు, మేం బాబాయి అంటాం, ఎప్పట్లాగే వరి కంకుల కుచ్చు పట్టుకొచ్చారు. గుమ్మానికి కడితే పిచ్చుకలు వచ్చి తింటాయి కదా, అది. చేతిలోకి తీసుకుని చూస్తే సగం గింజలు నల్లగా ఉన్నాయి, కొన్నిటికి ఎండిపోయిన తెల్లటి మొలక అలాగే ఉంది. "ఈ ఏడు గింజ బాగోలేదండి, పిచ్చుకలకి పర్లేదండి" అన్నారాయన. అమ్మ దాన్ని గుమ్మానికి కట్టి, లోపలికొచ్చి నాన్నతో మెల్లగా అంది: "ఆయన కంకులు గుమ్మానికి కట్టుకుని, కౌలు గింజలన్నీ మనం కొలిపించుకుంటే ఎలాగండీ?"

నాన్న ఏం మాట్లాడలేదు. కనుమ నాడు తనే వాళ్లింటికి వెళ్లి సగం కౌలు వద్దని చెప్పొచ్చారు. సగమే, పూర్తిగా కాదు, అది నాకు ఇప్పటికీ బాధే, ఎందుకంటే పెట్టుబడి ఆయనది, అప్పు ఆయనది, మాకు తగ్గింది కొన్ని బస్తాలు అంతే.

మన పెద్దవాళ్ల పండగ చూడండి, హరిదాసుకి బియ్యం, గంగిరెద్దులవాళ్లకి బట్టలు, చాకలికీ కుమ్మరికీ ఏడాది పనికి కళ్లంలోనే కొలిచిచ్చే ధాన్యం వాటా, అంటే మేర, కనుమ నాడు ఎడ్లని కాలవలో కడిగి పసుపు కుంకుమ పెట్టి తినిపించడం, పొలంలో పొలి, అంటే నైవేద్యపు మెతుకులు, చల్లడం, అన్నిట్లోనూ మన చేతిలోంచి ఏదో ఒకటి వెళ్లేది. (మేర వెనక కులం బరువు ఉందని తెలుసు, దాన్ని మళ్లీ తెమ్మనడం లేదు.) ఇప్పుడు మా చేలో ఎడ్లు లేవు, కోత మిషన్‌తోనే. కానీ వరి నాట్లు వేసే ఆడవాళ్లు ఉన్నారు, పండగ రోజుల్లోనే దాళ్వా (రెండో పంట) నాట్లు పడతాయి కాబట్టి వాళ్లకి పండగ తీరిక కూడా తక్కువే. కూలి బాకీ ఏదైనా ఉంటే భోగి లోపల తీర్చేయండి, పిల్లల ఎదురుగా తీర్చండి.

మీ పొలం కౌలుకిచ్చి ఉంటే ఇంకోటి చెప్తాను. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, దాని ప్రకారం కౌలు కార్డు కావాలంటే 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం పెట్టాలి. పొలం ఎక్కడ పోతుందోనన్న భయంతో చాలామంది పెట్టరు. నాన్నకీ అదే టెన్షన్. కూర్చోబెట్టి ఒప్పందం మొత్తం చదివి వినిపించాను, యజమాని హక్కుకి ఏమీ కాదని అర్థమయ్యాక పెట్టారు. పంట రుణమైనా నష్టపరిహారమైనా తన పేరు మీద అడగడానికి బాబాయికి ఇప్పుడొక కాగితం ఉంది. మేం ఆయనకి పెట్టిన కొత్త బట్టలన్నిటికంటే ఆ సంతకమే ఎక్కువ పనికొచ్చింది.

పిల్లల సంగతికొస్తే, నేను పెద్దగా ఏమీ చెప్పలేదు. కనుమ పొద్దున్న పొలానికి తీసుకెళ్తాను, బాబాయి వాళ్లింటికి పిండివంటలు పిల్లల చేతులతోనే ఇప్పిస్తాను. ఒక కుచ్చు హైదరాబాద్ తెచ్చి మా ఫ్లాట్ గుమ్మానికి కడతాం. పోయిన పండక్కి ఎదురింటావిడ ఎక్కడ కొన్నారని అడిగితే, మా పాప కొనలేదని చెప్పి, బాబాయి పేరూ ఊరి పేరూ చెప్పింది.