ఆ లారీల దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి అమ్మాయికి,

స్కాట్లాండ్‌లోని పాత జమీందారీ భవనం డంఫ్రీస్ హౌస్ మీద నువ్వు గ్లాస్గో నుంచి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. నీ తెలుగు బాగుంది. కానీ చివరి పేజీలో "2007లో ఈ భవనం ప్రజలపరమైంది" అన్న ఒక్క ముక్క దగ్గర నాకు ఒళ్ళు మండింది. అంతేనా అమ్మా?

ఆ వేసవిలో ఇల్లూ భూమీ అమ్మకానికి వచ్చాయి. సామాను విడిగా లండన్‌లో క్రిస్టీస్ వేలానికి వెళ్ళాలి. కేటలాగు అచ్చయిపోయింది. 1759లో లండన్‌లో పేరుమోసిన వడ్రంగి చిప్పెండేల్ దుకాణం నుంచి వచ్చిన కుర్చీలు, మంచాలు, ఆ రోజ్‌వుడ్ పుస్తకాల బీరువా, అన్నీ దాదాపు 250 ఏళ్ళు ఉన్న ఇల్లు వదిలి లారీలెక్కాయి. లారీలు దారిలో ఉండగా ప్రిన్స్ చార్లెస్ నడిపించిన బేరం కుదిరింది. మొత్తం 4.5 కోట్ల పౌండ్లు, అందులో 2 కోట్లు అప్పు. సామాను వెనక్కి వచ్చింది. ఇంత కథ చేతిలో పెట్టుకుని నువ్వు నాలుగు పేజీలు వంశవృక్షం రాశావు!

ఇంటి చరిత్ర సామాను చెప్పాలి. నేను నలభై ఏళ్ళుగా అంటున్న మాటే ఇది, విసుగొచ్చినా విను. ఆ ఇల్లు కట్టించిన ప్రభువు, అయిదో ఎర్ల్ విలియం గురించి నువ్వు పుట్టుక, పెళ్ళి, చావు రాశావు. 1754లో వాస్తుశిల్పులు ఆడమ్ అన్నదమ్ముల చేత పని మొదలుపెట్టించాడు. మరుసటి ఏడాదే భార్య పోయింది. అయినా ఇల్లు పూర్తిచేసి, కొంత సామాను ఎడింబరో వడ్రంగుల చేత చేయించి, కొంత లండన్ నుంచి తెప్పించాడు. చిప్పెండేల్ బిల్లులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ బిల్లులు ముందు పెట్టుకుని చూడు, ఖాళీ ఇంటికి కుర్చీలు కొంటున్న మనిషి కనిపిస్తాడు. 1762లో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. వారసుడు లేకుండానే 1768లో పోయాడు. ఇల్లు మేనల్లుడు ప్యాట్రిక్‌కి వెళ్ళింది.

ప్యాట్రిక్ కూతురిని బ్యూట్ అనే మరో ప్రభు వంశంలో ఇచ్చాక ఆ ఇల్లు "నిర్లక్ష్యానికి గురైంది" అని బాధపడ్డావు. నాకు అది తప్పనిపిస్తుంది. వాళ్ళకి వేల్స్‌లో కార్డిఫ్ కోట, బ్యూట్ దీవిలో మౌంట్ స్టూవర్ట్ అనే భవంతి ఉండేవి. ఇక్కడ ఎక్కువగా ఉండలేదు కాబట్టే పాత గదుల జోలికి పెద్దగా పోలేదు. యజమానులు ముద్దుచేసిన ఇళ్ళలో ఫ్యాషన్ మారినప్పుడల్లా పాత సామాను అటకెక్కుతుంది, తర్వాత అమ్ముడుపోతుంది.

నా మొదటి వ్యాసం మా తాతగారి మండువా లోగిలి మీద. ఏడు తరాల పేర్లు రాశాను. మధ్యలో ఒక్క పేరా, మా సింహద్వారం కొనడానికి వచ్చిన వ్యాపారి దాన్ని బండికెత్తించిన పొద్దు గురించి. ఆ వారపత్రిక సంపాదకుడు ఆ పేరానే కొట్టేసి పేర్లన్నీ ఉంచాడు. ఎందుకని అడిగితే, బంధువులు కాపీలు కొంటారన్నాడు. నా దగ్గర నకలు లేదు. ఇల్లు కూడా తర్వాత పడగొట్టారు. ఆ తలుపు మీద ఏ పువ్వు చెక్కారో ఇప్పుడు నాకు గుర్తు రావడం లేదు. ఆ కోపం ఇంకా పోలేదు. ఇప్పటి పత్రికలైతే కోట అనగానే దయ్యం ఉందా అని అడుగుతున్నాయి. నువ్వు మాత్రం దయ్యాన్ని తేవద్దు.

ఇంకొకటి. పక్కనే కమ్నాక్ ఊరు. గని కార్మికుల నాయకుడు కీర్ హార్డీ కాపురమున్న ఊరు. చుట్టూ బొగ్గు గనులు మూతపడి జనానికి పనుల్లేకుండా పోయాయి. ఇల్లు కొనేటప్పుడు దాని చుట్టూ ఊరివాళ్ళకి పని దొరకాలన్నది కూడా ఆలోచనే. నీ వ్యాసంలో ఆ ఊరి పేరే లేదు. నువ్వు బస్సు దిగింది అక్కడే కదా?

మళ్ళీ వెళ్ళు. ఈసారి ఎర్ల్‌ల బొమ్మల ముందు నిలబడొద్దు. ఆ లారీలు నడిపిన వాళ్ళెవరో, ఫోన్ వచ్చేసరికి ఏ ఊరి దగ్గర ఉన్నారో, వెనక్కి వచ్చాక ముందుగా ఏ వస్తువు దించారో అడిగి తెలుసుకుని నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు