ఒకే వెతుకులాటలో ఇన్ని రకాలా?

ప్రశ్న: జానపద సాహిత్యం గురించి ఓపెన్ ఆర్కైవ్‌లలో (ఎవరైనా ఉచితంగా చూడగల ఆన్‌లైన్ పరిశోధన భాండాగారాల్లో) వెతికితే థీసిస్‌లు, పోస్టర్లు, డేటా ఫైళ్లు కలగలిసి వస్తున్నాయి. తెలుగు థీసిస్‌లు మాత్రం సరిగా దొరకడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఏ ఆర్కైవ్‌లో ఏముంటుందో చూసుకోండి. ఐరోపా భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ నడిపే జెనోడోలో వ్యాసాలతో పాటు డేటా, సాఫ్ట్‌వేర్, పోస్టర్లు కూడా ఉంటాయి. పక్కనున్న 'రిసోర్స్ టైప్' ఫిల్టర్‌తో వడకట్టండి. అక్కడ ఉన్నంత మాత్రాన నిపుణులు పరిశీలించినట్టు కాదు. 1991లో మొదలైన 'arXiv' అనే ప్రీప్రింట్ల (నిపుణుల పరిశీలనకు ముందే పెట్టే వ్యాసాల) కోశానికీ (ఇందులో ఎక్కువగా భౌతిక, గణిత, కంప్యూటర్ శాస్త్రాలే) ఇదే మాట వర్తిస్తుంది.

మీ పనికి అసలు గని శోధగంగ. భారతీయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లుండే ఈ ఆన్‌లైన్ కోశాన్ని గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే గ్రంథాలయ సమాచార కేంద్రం నడుపుతుంది. తెలుగు థీసిస్‌ల పేర్లు చాలావరకు ఇంగ్లిష్ అక్షరాల్లో నమోదవుతాయి. 'జానపద'లో 'జా'కు ఒక 'ఏ' పెట్టినవారూ ఉన్నారు, రెండు పెట్టినవారూ ఉన్నారు. రెండు రకాలుగానూ, ఆపైన తెలుగు లిపిలోనూ వెతకండి. అప్పటికీ చిక్కకపోతే విశ్వవిద్యాలయం, తెలుగు శాఖ వరుసలో జాబితా తెరవండి. కాస్త ఓపిక కావాలి గానీ ఇదే నమ్మకమైన దారి.

అధ్యాయాలు విడివిడి పీడీఎఫ్‌లుగా ఉంటాయి. స్కాన్ చేసిన పేజీల్లో మాట వెతికితే దొరకదు, అవి బొమ్మలు కాబట్టి. విషయసూచిక ఉన్న ఫైలు ముందు దింపుకోండి.